పెద్దల సభలో ప్రముఖులు: కోర్టుల హద్దు ఎక్కడ?

పేరు మోసిన నటుడినో క్రీడాకారుడినో రాజ్యసభకు నామినేట్ చేసినప్పుడల్లా రెండు ప్రశ్నలు జంటగా తలెత్తుతుంటాయి. ఆ వ్యక్తి ఆ స్థానానికి తగునా అన్నది మొదటిది. తగడని భావించినవారు న్యాయస్థానం తలుపు తట్టవచ్చునా అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు ఎవరికి తోచిన సమాధానం వారు చెప్పుకోవచ్చు. రెండవది అంత తేలికైనది కాదు. పార్లమెంటు, మంత్రిమండలి, న్యాయవ్యవస్థల మధ్య రాజ్యాంగం గీసిన గీతలతో అది ముడివడి ఉన్నది. ఆ గీత ఏ వైపు చెరిగినా నష్టం ఒక వ్యక్తితో ఆగదు.

ఈ వివాదం బాహాటంగా రచ్చకెక్కింది 2012లో. ఆ ఏడాది ఏప్రిల్‌లో క్రికెటర్ సచిన్ టెండూల్కర్, నటి రేఖ, పారిశ్రామికవేత్త అనూ ఆగా రాజ్యసభకు నామినేట్ అయ్యారు. సచిన్ అప్పటికింకా మైదానంలో ఆడుతున్న క్రీడాకారుడు. రాజ్యాంగం 80వ అధికరణం నామినేటెడ్ సభ్యుల కోసం పేర్కొన్నవి సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, కళ, సమాజసేవ అన్న నాలుగు రంగాలేననీ, వాటిలో క్రీడలు లేవనీ, అందువల్ల ఆ నియామకం చెల్లదనీ ఢిల్లీ మాజీ శాసనసభ్యుడొకరు ఢిల్లీ హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం వేశారు. అధికరణంలోని జాబితా ఉదాహరణప్రాయమైనదే తప్ప సంపూర్ణమైనది కాదని కేంద్ర ప్రభుత్వం వాదించింది. ఆ ఏడాది డిసెంబరులో హైకోర్టు వ్యాజ్యాన్ని తోసిపుచ్చింది. తీర్పు వెలువడినా ప్రశ్న మాత్రం చల్లారలేదు.

అధికరణంలోని మాటలను నిదానంగా చదివితే ఉభయపక్షాల వాదనలకూ అందులో చోటు కనిపిస్తుంది. రాజ్యసభలో 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేయవలెననీ, ‘ఇటువంటి విషయాలలో’ ప్రత్యేక పరిజ్ఞానం లేదా ఆచరణాత్మక అనుభవం గలవారై ఉండవలెననీ చెప్పి, ఆ తర్వాత నాలుగు రంగాల పేర్లు ఇచ్చింది. ‘ఇటువంటి’ అన్న మాట తలుపు తెరుస్తుండగా, ఆ వెంటనే వరుసగా ఇచ్చిన పేర్లు దానిని కొంత మూస్తున్నాయి. ముసాయిదా రాజ్యాంగంలో నామినేటెడ్ స్థానాలు 15. రంగాల జాబితా కూడా పెద్దదే. విద్య, వ్యవసాయం, మత్స్య పరిశ్రమ, ఇంజనీరింగ్, వాస్తుశిల్పం, ప్రభుత్వ పాలన వంటివి అందులో ఉండేవి. చర్చల అనంతరం అది నాలుగు విశాలమైన మాటలకు కుదించుకున్నది. ఎంత క్లుప్తమైన జాబితాకు అంత విశాలమైన వ్యాఖ్యానం అవసరమవుతుందన్నది అనుభవంలో తేలిన సత్యం.

ఆ అనుభవం మొదటి జాబితాతోనే ఆరంభమైంది. 1952లో నామినేట్ అయిన 12 మందిలో విద్యావేత్త జాకిర్ హుస్సేన్, భౌతికశాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్, హిందీ కవి మైథిలీశరణ్ గుప్త, నర్తకి రుక్మిణీదేవి అరండేల్, నటుడు పృథ్వీరాజ్ కపూర్, చరిత్రకారుడు రాధాకుముద్ ముఖర్జీ ఉన్నారు. వారి సరసనే నెల్లూరు జిల్లాలో పుట్టిన న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కూడా ఉన్నారు. ఆయన రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యుడు. న్యాయశాస్త్రం నాలుగు మాటలలో లేకపోయినా, ఆ మాటలను కూర్చినవారిలో ఒకరే నామినేటెడ్ స్థానంలో ఆసీనులు కావడం గమనార్హం. ఆనాడెవరూ దానిని రాజ్యాంగ ఉల్లంఘనగా భావించలేదు. అల్లాడికి తెరిచిన తలుపును సచిన్‌కు మూయవలెనంటే అందుకు తగిన కారణం చూపవలసి ఉంటుంది. పైగా కుస్తీ యోధుడు, నటుడు దారాసింగ్ 2003లోనే నామినేట్ అయి ఉన్నారు.

కనుక రంగం పేరు పట్టుకొని చేసే వాదన బలహీనమైనది. అసలు ప్రశ్న వేరే ఉన్నది. ప్రతిభ గలవారిని సభకు పంపడంలోని ఉద్దేశం నెరవేరుతున్నదా? నామినేటెడ్ సభ్యులు ఏ రాజకీయ పక్షానికీ ప్రతినిధులు కారనీ, సాహిత్య, కళా, సాంస్కృతిక రంగాల ఉన్నత ప్రమాణాలకు ప్రతినిధులనీ ప్రధాని నెహ్రూ 1953లో లోక్‌సభలో వివరించారు. ఆ మాటను నిలబెట్టినవారు లేకపోలేదు. రుక్మిణీదేవి మూగజీవాల పట్ల క్రూరత్వాన్ని అరికట్టడానికి ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టి, ప్రభుత్వమే చట్టం తెస్తుందన్న ప్రధాని హామీపై ఉపసంహరించుకున్నారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఆ కృషి ఫలితమే. 1986లో నామినేట్ అయిన రచయిత ఆర్.కె. నారాయణ్ తన తొలి ప్రసంగంలో బడిపిల్లల వీపులపై పుస్తకాల మోత గురించి మాట్లాడారు. దాని పర్యవసానంగా ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన సంఘం ఏర్పడి 1993లో నివేదిక ఇచ్చింది. ఎన్నికల బరిలోకి దిగితే డిపాజిట్టు దక్కించుకోగలరో లేదో చెప్పలేని మనుషులు దేశానికి చేయగలిగిన మేలు ఇటువంటిది.

నాణేనికి రెండో వైపు కూడా ఉన్నది. సచిన్, రేఖల హాజరు ఆరేళ్ల కాలంలో పది శాతానికి లోపే నిలిచింది. 2014 ఆగస్టులో వారి గైర్హాజరుపై సభలోనే సభ్యులు అభ్యంతరం తెలిపారు. అయితే సచిన్ నామినేషన్ వల్ల ప్రయోజనమే లేదనడం అన్యాయం. నాటి నెల్లూరు జిల్లాలోని పుట్టంరాజువారి కండ్రిగను ఆదర్శ గ్రామంగా ఆయన దత్తత తీసుకున్నారు. ఏ నియోజకవర్గంతోనూ నిమిత్తం లేని నామినేటెడ్ సభ్యుడు దేశంలో ఎక్కడైనా తన నిధులు వెచ్చించవచ్చునన్న వెసులుబాటు వల్లనే ఒక మారుమూల తెలుగు పల్లెకు ఆ అవకాశం దక్కింది. పదవీకాలం ముగిశాక జీతభత్యాలను ప్రధానమంత్రి సహాయనిధికి ఇచ్చివేశారు. 2017 డిసెంబరులో ఆటలు ఆడుకొనే హక్కుపై మాట్లాడడానికి ఆయన లేచి నిలిస్తే, సభలోని గందరగోళం ఆ మాటలు వినిపించనీయలేదు. ప్రముఖులు సభకు రావడం లేదని నిందించే పెద్దలు, వచ్చి నిలబడినవారిని మాట్లాడనిచ్చారా అన్నది కూడా వేయవలసిన ప్రశ్నే.

న్యాయస్థానాల జోక్యాన్ని కోరేవారి వాదన కొట్టిపారేయదగినది కాదు. నామినేటెడ్ స్థానాలు పన్నెండే. వాటిలో ఒకటి అలంకారప్రాయమైతే ఒక శాస్త్రవేత్తకో, గిరిజనుల మధ్య జీవితం ధారపోసిన సేవకునికో దక్కవలసిన అవకాశం ఆరేళ్లు చేజారినట్లే. నామినేటెడ్ సభ్యులకు రాష్ట్రపతి ఎన్నికలో ఓటు లేకపోయినా, ఉపరాష్ట్రపతి ఎన్నికలోనూ సభలో ప్రతి బిల్లుపైనా ఓటు ఉన్నది. అధికార పక్షానికి రాజ్యసభలో బొటాబొటి బలం ఉన్నప్పుడు ఆ పన్నెండు ఓట్ల విలువ వేరు. పుదుచ్చేరి శాసనసభకు కేంద్రం నామినేట్ చేసిన ముగ్గురి నియామకాన్ని, వారి ఓటు హక్కును 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. 2021 ఫిబ్రవరిలో నారాయణస్వామి ప్రభుత్వం బలపరీక్షలో కూలినప్పుడు ఆ ఓట్ల లెక్కే వివాదానికి కేంద్రమైంది. ప్రజలు ఎన్నుకోని సభ్యుల ఓట్లు ప్రజలు ఎన్నుకొన్న ప్రభుత్వం మనుగడను ప్రభావితం చేయగలిగినప్పుడు, వారి ఎంపికను ఎవరూ ప్రశ్నించరాదనడం ప్రజాస్వామ్య న్యాయం కాబోదు.

ఎంపిక చేసేది ఎవరన్నది మరొక అంశం. కాగితంపై సంతకం రాష్ట్రపతిదే అయినా, 74వ అధికరణం ప్రకారం సలహా మంత్రిమండలిది. కనుక జరిగేది రాజకీయ నిర్ణయమే. సినిమా తార వెంట ఉండే అభిమాన జనంపైనో, ఓడిపోయిన నాయకుని పునరావాసంపైనో పాలక పక్షాల దృష్టి ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత కొందరి విషయంలో నిజమైన సందర్భాలూ ఉన్నాయి.

ఇటువంటి వివాదాలలో న్యాయస్థానాల ధోరణి ఏడు దశాబ్దాలలో ఎంతో మారింది. ఆంధ్ర ప్రాంతం కూడా భాగంగా ఉన్న నాటి మద్రాసు రాష్ట్రంలో 1952 ఎన్నికలలో కాంగ్రెస్‌కు మెజారిటీ రాలేదు. ప్రతిపక్షాలు టంగుటూరి ప్రకాశం పంతులు నాయకత్వంలో ఐక్య సంఘటనగా ఏర్పడి ప్రభుత్వ స్థాపనకు సిద్ధమయ్యాయి. ఎన్నికలలో పోటీ చేయని రాజగోపాలాచారిని గవర్నరు శ్రీప్రకాశ విధాన పరిషత్తుకు నామినేట్ చేసి ముఖ్యమంత్రిగా ఆహ్వానించారు. కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తి హైకోర్టుకు వెళ్లారు. తన అధికార నిర్వహణ విషయంలో గవర్నరు ఏ న్యాయస్థానానికీ జవాబుదారీ కాడన్న 361వ అధికరణం అడ్డు నిలిచి ఆ పిటిషన్ వీగిపోయింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం రూపురేఖలను మార్చిన నామినేషన్ గుణదోషాలు విచారణకే నోచుకోలేదు.

ఆ గోడలో క్రమంగా గవాక్షాలు తెరుచుకున్నాయి. మంత్రిమండలి సలహాకు ప్రాతిపదిక అయిన సమాచారాన్ని న్యాయస్థానం పరిశీలించవచ్చునని 1994లో బొమ్మయ్ కేసు తేల్చింది. 361వ అధికరణం గవర్నరుకు వ్యక్తిగతంగా ఇచ్చే రక్షణ ఆయన చర్యకు వర్తించదనీ, దురుద్దేశంతో కూడిన చర్య చెల్లుబాటును పరీక్షించవచ్చుననీ బిహార్ శాసనసభ రద్దు కేసులో 2006లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2011లో కేంద్ర విజిలెన్స్ కమిషనర్ పి.జె. థామస్ నియామకాన్ని కొట్టివేసిన తీర్పు మరింత కీలకమైనది. వ్యక్తి యోగ్యుడా, మరొకరు ఇంతకన్న యోగ్యులా అన్నది కోర్టు చూడలేదు. చూడవలసిన పత్రాలను ఎంపిక సంఘం చూసిందా, ఆ సంస్థ గౌరవానికి భంగం కలిగే అంశాలను విస్మరించిందా అన్నదే చూసింది. అర్హతకూ యోగ్యతకూ మధ్య గల ఈ తేడాయే ప్రస్తుత సమస్యకు తాళంచెవి.

ఆ తాళంచెవిని జాగ్రత్తగా వాడకపోతే ఏమవుతుందో తెలంగాణ అనుభవం చెబుతున్నది. గవర్నరు కోటాలో విధాన పరిషత్తుకు దాసోజు శ్రవణ్, కుర్రా సత్యనారాయణ పేర్లను 2023లో నాటి మంత్రిమండలి సిఫార్సు చేసింది. 171వ అధికరణం కోరే ప్రత్యేక అర్హతలు వారిలో కానరావని గవర్నరు తిరస్కరించారు. ప్రభుత్వం మారిన తర్వాత 2024 జనవరిలో ఎం. కోదండరాం, అమేర్ అలీ ఖాన్ నామినేట్ అయ్యారు. ఆ ఏడాది మార్చిలో తెలంగాణ హైకోర్టు తిరస్కరణనూ, కొత్త నియామకాలనూ రెంటినీ రద్దు చేసింది. అర్హతను పరిశీలించి సిఫార్సును పునఃపరిశీలనకు తిప్పి పంపే వీలు గవర్నరుకు ఉన్నదే గాని, మంత్రిమండలి సలహాను తోసిపుచ్చే అధికారం లేదన్నది ఆ తీర్పు సారాంశం. మళ్లీ సిఫార్సు జరిగి 2024 ఆగస్టులో వారిద్దరూ ప్రమాణం చేశారు. సరిగ్గా ఏడాదికి, 2025 ఆగస్టులో, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆ సభ్యత్వాలకు మళ్లీ ఆటంకం ఏర్పడింది. అదే నెలలో మంత్రిమండలి కోదండరాంతో పాటు మాజీ క్రికెట్ కెప్టెన్, కాంగ్రెస్ నాయకుడు అజారుద్దీన్ పేరును సిఫార్సు చేయడంతో, ఢిల్లీలో పుట్టిన క్రీడల ప్రశ్న హైదరాబాదుకు చేరింది.

ఈ వ్యవహారంలో గెలిచినవారు ఎవరన్నది ముఖ్యం కాదు. రెండేళ్లకు పైగా రెండు స్థానాలు వివాదంలో నలిగాయి. సభలో జరగవలసిన చర్చ న్యాయవాదుల చాంబర్లలో జరిగింది. అయినా హైకోర్టు ఒక మేలైన దారి చూపింది. నలుగురిలో ఎవరు గొప్పవారన్న తగవులోకి అది దిగలేదు. రాజ్యాంగం ఎవరికి ఏ అధికారం ఇచ్చిందో, అది ఆ ప్రకారమే సాగిందో లేదో మాత్రమే తూచింది. న్యాయస్థానాలు నిలవవలసిన చోటు సరిగ్గా అదే.

ఆ గీత దాటితే కలిగే అనర్థాలు చిన్నవి కావు. ఒక కవి కవిత్వం మరో కవి కవిత్వం కన్న మిన్న అని ధర్మాసనం ఎట్లా నిర్ణయిస్తుంది? 1997లో నామినేట్ అయిన సి. నారాయణరెడ్డి, 2022లో నామినేట్ అయిన సినీ రచయిత విజయేంద్రప్రసాద్, అదే ఏడాది వచ్చిన ఇళయరాజా, పి.టి. ఉష - వీరి ప్రతిభను సాక్ష్యాలతో, అఫిడవిట్లతో రుజువు చేయవలసి వస్తే అది కళకూ క్రీడకూ న్యాయానికీ అవమానమే. ఎంపిక సంఘం పాత్రను కోర్టులు తలకెత్తుకుంటే, రేపటి ప్రతి నామినేషన్‌కూ ఒక వ్యాజ్యం సిద్ధంగా ఉంటుంది. ఆత్మగౌరవం గల పండితుడెవరూ ఆ గౌరవాన్ని అంగీకరించడానికి ముందుకు రాడు. మిగిలేది వ్యాజ్యాలకు వెరవని రాజకీయ నాయకులే. ప్రముఖుల బెడద వదిలించబోయి పండితులను దూరం చేసుకున్నట్లవుతుంది.

న్యాయవ్యవస్థ తన సొంత మర్యాద కోసం కూడా ఈ సంయమనం పాటించవలసి ఉన్నది. 2019 నవంబరులో పదవీ విరమణ చేసిన ప్రధాన న్యాయమూర్తి రంజన్ గొగోయ్‌ను 2020 మార్చిలో, అంటే నాలుగు నెలలకే, రాజ్యసభకు నామినేట్ చేసినప్పుడు దేశవ్యాప్తంగా విమర్శలు చెలరేగాయి. అటువంటి నియామకాల ఔచిత్యాన్ని అదే ధర్మాసనాలపై కూర్చునే సోదర న్యాయమూర్తులు తూచవలసి వస్తే, తీర్పు ఎటు వచ్చినా అనుమానం తప్పదు. విరమణకూ కొత్త పదవికీ మధ్య విరామకాలాన్ని చట్టం ద్వారా నిర్ణయించడమే దీనికి మార్గం. అది పార్లమెంటు చేయవలసిన పని.

అయితే హద్దు ఉన్నదంటే తలుపే లేదని అర్థం కాదు. నామినేట్ అయిన వ్యక్తికి 30 ఏళ్లు నిండకపోయినా, పౌరసత్వం లేకపోయినా, రాజ్యాంగం చెప్పిన అనర్హత ఉన్నా ‘ఏ అధికారంతో ఈ పదవిలో ఉన్నావు’ అని నిలదీసే రిట్ జారీ చేయవలసిందే. ఏ రంగంలోనూ ప్రత్యేక పరిజ్ఞానం గాని అనుభవం గాని ఉన్నట్లు ఒక్క కాగితమైనా దస్త్రంలో లేకుండా కేవలం పార్టీ సేవకే స్థానం కట్టబెట్టినట్లు తేలితే, అది యోగ్యత తగవు కాదు. రాజ్యాంగం విధించిన షరతునే తుంగలో తొక్కడం. ఆధారాలు ఉన్నాయా అని అడగడం కోర్టు విధి. ఉన్న ఆధారాలు చాలునా అని తర్కించడం కాదు.

కోర్టుకు ఈ పరిమిత పరిశీలన సాధ్యం కావాలన్నా ప్రభుత్వం ముందుగా ఒక పని చేయవలసి ఉన్నది. నామినేషన్ ప్రకటనలో ఎంపికకు కారణాలు చెప్పవలెనన్న నియమం నేడు లేదు. ఏ రంగంలో, ఏ కృషిని బట్టి ఎంపిక చేశారో నాలుగు వాక్యాలలో ప్రజలకు తెలియజేస్తే నష్టపోయేది ఎవరు? కారణాలు రాయవలసి వస్తే, రాయడానికి కారణం దొరకని పేర్లు వాటంతట అవే జారిపోతాయి. ఒక పేజీ కాగితం చేయగల మేలు వంద వ్యాజ్యాలు చేయలేవు.

రెండవ బాధ్యత సభది. అనుమతి లేకుండా 60 దినాలు గైర్హాజరైన సభ్యుని స్థానాన్ని ఖాళీ అయినట్లు ప్రకటించే అధికారం 101వ అధికరణం సభకు ఇచ్చింది. సమావేశాలు ముగిసిన కాలాన్నీ, వరుసగా నాలుగు దినాలకు మించిన వాయిదాలనూ ఆ లెక్కలో చేర్చరు. 2014లో సచిన్, రేఖల గైర్హాజరు 60 దినాలకు చేరలేదని సభాధ్యక్ష స్థానం తెలియజేసింది ఈ లెక్క ప్రకారమే. మధ్యలో ఒకనాడు వచ్చి సంతకం చేస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఈ లొసుగు నామినేటెడ్ సభ్యులకే పరిమితం కాదు కాబట్టి, మార్పు కూడా అందరికీ వర్తించేదిగా ఉండాలి. సభ్యుల హాజరుకు కనీస శాతాన్ని నిర్ణయించుకొని దానిని ఖచ్చితంగా అమలు జరపడానికి రాజ్యసభకు ఎవరి అనుమతీ అక్కరలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి వెతకడం దేనికి?

మూడవది పార్టీ రంగు. నామినేటెడ్ సభ్యుడు ప్రమాణం చేసిన ఆరు నెలలలోగా ఏదైనా పార్టీలో చేరవచ్చునని పదవ షెడ్యూలు అనుమతిస్తున్నది. ఆ తర్వాత చేరితే అనర్హుడవుతాడు. 2021లో పాత్రికేయుడు స్వపన్ దాస్‌గుప్తా బెంగాల్ శాసనసభకు బి.జె.పి. అభ్యర్థిగా రంగంలోకి దిగినప్పుడు ఈ నిబంధన ప్రస్తావనకు వచ్చింది. ఆయన రాజ్యసభకు రాజీనామా చేశారు. ఎన్నికలలో ఓడిన పిమ్మట అదే స్థానానికి మళ్లీ నామినేట్ అయ్యారు. చట్టం ఉల్లంఘన కాలేదు గాని, పక్షాలకు అతీతులైన ప్రతిభావంతుల కోసం ఉద్దేశించిన స్థానం స్ఫూర్తి ఏమైనట్లు? ఆరు నెలల వెసులుబాటును రద్దు చేసి, నామినేటెడ్ సభ్యులు పదవీకాలమంతా పార్టీలకు వెలుపలనే ఉండేటట్లు సవరించడం ఎంతైనా అవసరం.

ప్రతిభకు తూనికరాళ్లు న్యాయమూర్తుల వద్ద లేవు, ఉండనక్కరలేదు. పాలకులు ఎంపికకు కారణం చెప్పే అలవాటు చేసుకొని, సభ తన కుర్చీ ఖాళీగా ఉంటే అడిగే ధైర్యం తెచ్చుకుంటే, కోర్టు మెట్లెక్కవలసిన వివాదాలు అరుదవుతాయి. రుక్మిణీదేవి, నారాయణ్‌లకు ఆ కుర్చీ ఇచ్చింది న్యాయస్థానాలు కావు. మూగజీవాల పక్షాన, బడిపిల్లల పక్షాన మాట్లాడవలసిన అవసరాన్ని వారికి గుర్తుచేసిందీ న్యాయస్థానాలు కావు. అటువంటివారిని వెదికి తేవలసిన బాధ్యత మంత్రిమండలిది, వారి మాట వినవలసిన బాధ్యత సభది. ఆ రెండూ తమ పని మాని వివాదాన్ని మూడో వాకిటికి నెట్టడం ఇకనైనా ఆగాలి.